ట్రే యంగ్, ఓక్లహోమా, ఒకే ఒక్క సీజన్: 5కి 3.5

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఒక ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది విద్యార్థి) గార్డ్ (బాల్ నడిపే, బయటి నుంచి షాట్లు వేసే ఆటగాడు) చేతికి టీం మొత్తాన్ని అప్పగిస్తే ఏం దక్కుతుందో, ఏం చేజారుతుందో చూడాలంటే 2017-18 ఓక్లహోమా యూనివర్సిటీ టీం చాలు. అంతకుముందు ఏడాది ఆ టీం గెలిచినవి 11, ఓడినవి 20. ఆ తర్వాత ట్రే యంగ్ వచ్చాడు. యూనివర్సిటీ ఉన్న నార్మన్‌లోనే పెరిగిన కుర్రాడు. మొదటి 16 మ్యాచుల్లో 14 గెలిచారు, దేశవ్యాప్త ర్యాంకు 4 దాకా ఎగబాకింది.

ఆట లెక్క ఇదీ. అప్పట్లో కాలేజీ త్రీ పాయింట్ గీత 20 అడుగుల 9 అంగుళాలు. యంగ్ దానికి చాలా వెనక నుంచే వేసేస్తాడు కాబట్టి డిఫెండర్ ముందే పైకి రావాలి. అక్కడొక స్క్రీన్ (సహచరుడు డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడటం) పెడితే సాయానికి రెండో డిఫెండర్ కూడా కదలక తప్పదు. ఇక రింగు దగ్గర బిగ్ మ్యాన్ (పొడుగాటి ఆటగాడు) అయినా, గీత బయట సహచరుడు బ్రేడీ మానెక్ అయినా ఖాళీగా దొరుకుతారు. ఫలితం: మ్యాచ్‌కి సగటున 27.4 పాయింట్లు, 8.7 అసిస్టులు (సహచరుడి బాస్కెట్‌కి దారితీసిన పాసులు). ఒకే సీజన్‌లో ఈ రెండింట్లోనూ దేశంలో మొదటి స్థానం అంతకుముందు ఎవరికీ దక్కలేదు. నార్త్‌వెస్టర్న్ స్టేట్ మీద ఒక్క మ్యాచ్‌లోనే 22 అసిస్టులు, రికార్డుతో సమానం. ఇంతవరకు వంక పెట్టడానికేమీ లేదు.

చిక్కంతా జనవరిలో, బిగ్ 12 (అప్పట్లో ఓక్లహోమా ఆడిన లీగ్) మ్యాచులతో మొదలైంది. ప్రత్యర్థులు దారి కనిపెట్టేశారు: బాస్కెట్ పడగానే అతనికి పాస్ అందకుండా అంటిపెట్టుకోవడం, అందితే స్క్రీన్ దగ్గర ఇద్దరు మీదపడటం. బాల్ వదిలేస్తే దాన్ని నడిపే రెండో మనిషి లేడు, వదలకపోతే టర్నోవర్ (బాల్ అవతలివాళ్లకి పోగొట్టుకోవడం). సగటు 5.2 టర్నోవర్లు; కాన్సాస్ స్టేట్‌లో ఏకంగా 12, మ్యాచ్ 87-69తో పోయింది. పైగా మ్యాచ్‌కి 35 నిమిషాలకు పైగా ఆడాలి. మ్యాచ్‌కి పదికి పైగా త్రీలు వేస్తే 36 శాతం పడ్డాయి, అది తక్కువేం కాదు. కానీ తొందరపడి వేసిన దూరపు షాట్ తప్పితే రీబౌండ్ (తప్పి తిరిగొచ్చే బాల్) కూడా దూరంగానే పడుతుంది, అవతలివాళ్లు పరుగందుకుంటారు. వెనక్కి వచ్చి ఆపాల్సిన డిఫెన్స్ ఈ టీంకి మొదటి నుంచీ బలహీనతే.

ఫ్రెష్‌మన్ అన్నాక టర్నోవర్లు మామూలే. 2006లో డేవిడ్‌సన్ కాలేజీ తరఫున తొలి మ్యాచ్‌లో, తర్వాత ఎన్‌బీఏ స్టార్ అయిన స్టెఫెన్ కర్రీ 13 చేశాడు, తర్వాతి మ్యాచ్‌లో మిషిగన్ మీద 32 పాయింట్లు కొట్టాడు. అయితే అక్కడ బాల్ నడపడానికి జేసన్ రిచర్డ్స్ ఉన్నాడు, కర్రీకి స్క్రీన్ల చుట్టూ తిరిగి షాట్ వేయడమే పని. ఆ టీం 29-5తో ముగించింది. ఓక్లహోమా కోచ్ లాన్ క్రూగర్‌కి అలాంటి రెండో గార్డ్ దొరకలేదు. నా రేటింగ్‌లో ఒక పాయింటు కోత అందుకే. మిగతా అర పాయింటు డిఫెన్స్‌కి.

చివరి 16 మ్యాచుల్లో 12 ఓడి 18-14తో ఆగారు. సీజన్ చివర్లో జరిగే ఎన్‌సీఏఏ నాకౌట్ టోర్నమెంట్‌లో యంగ్ 28 పాయింట్లు వేసినా మొదటి మ్యాచ్‌లోనే రోడ్ ఐలండ్ చేతిలో ఓవర్‌టైంలో 83-78తో ఓటమి. అతను ఎన్‌బీఏకి వెళ్లిపోయాడు, టీంలు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఐదో పిక్. మర్నాడే ఓక్లహోమా కుప్పకూలిందా అంటే, లేదు. మరుసటి సీజన్ అతను లేకుండానే 20-14, టోర్నమెంట్‌లో ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) మీద 95-72 గెలుపు కూడా.

రికార్డింగులు దొరికితే రెండు చూడండి. 43 పాయింట్లతో టీసీయూ మీద 102-97తో గెలిచింది ఒకటి. రెండోది ఓక్లహోమా స్టేట్ చేతిలో 83-81తో పోయింది: 48 పాయింట్లు, కానీ 39 షాట్లకి పడినవి 14. రెండూ ఓవర్‌టైం మ్యాచులే. రెండో దాంట్లో యంగ్‌ని కాదు, బాల్ లేని మిగతా నలుగురినీ గమనించండి.