చీకటి హాలుకు ట్యూబులైటా, ప్యానెల్ లైట్లా: ఏది మేలు?

"మా హాలులో పట్టపగలే లైటు వేయాల్సి వస్తోంది. ఫాల్స్ సీలింగ్ చేయించి ప్యానెల్ లైట్లు పెట్టించమంటారా, ట్యూబులైట్లు సరిపోతాయా?" కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు, పాత ఇంటికి మరమ్మతులు చేయిస్తున్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. అందరి ఇబ్బందీ దాదాపు ఒకటే. రెండు పక్కలా పడకగదులు, ఒక పక్క వంటగది, ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే అపార్టుమెంటు డక్ట్, అందులో పైపులు. ఎల్ఈడీ లైట్లకు కరెంటు తక్కువ ఖర్చవుతుందన్నది 2015లో ఉజాలా పథకం వచ్చినప్పటి నుంచి ఇంటింటికీ తెలిసిన సంగతే కాబట్టి దాని జోలికి వెళ్లను. ఏ లైటు, ఎక్కడ అన్నదే ఇక్కడి విషయం.

12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న హాలు తీసుకుందాం. అంటే సుమారు పదిహేనున్నర చదరపు మీటర్లు. గోడకు బిగించే 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులైటు ఒక్కొక్కటి దాదాపు 2000 ల్యూమెన్ల వెలుతురు ఇస్తుంది (లైటు నుంచి వచ్చే మొత్తం వెలుతురుకు కొలత ల్యూమెన్). రెండు పెడితే 4000. సీలింగులో రంధ్రం కోసి బిగించే 12 వాట్ల ప్యానెల్ లైట్లు నాలుగు పెట్టినా దగ్గరదగ్గర అంతే వస్తుంది. అందులో సగం మనకు పనికొచ్చే చోటికి చేరుతుందనుకుంటే 130 లక్స్ వరకు ఉంటుంది (ఒక చదరపు మీటరు మీద ఎన్ని ల్యూమెన్లు పడితే అన్ని లక్స్). కూర్చుని మాట్లాడుకోవడానికి, టీవీ చూడడానికి అది చాలు. చదువుకోవడానికి 300 లక్స్ కావాలి కనుక దానికి బల్ల మీద వేరే దీపం ఉండాల్సిందే. లెక్క ప్రకారం చూస్తే రెండూ సమానమే. అయినా ట్యూబులైట్లున్న గదిలోకి, ప్యానెల్ లైట్లున్న గదిలోకి అడుగుపెట్టి చూస్తే మొదటిది వెలుగుతో నిండినట్టు, రెండోది గుహలా ఉంటుంది.

తేడా ఎక్కడుందంటే, ఆ వెలుతురు దేని మీద పడుతోందన్నదానిలో. గది వెలుగుగా ఉందా, చీకటిగా ఉందా అని మన కళ్లు నిర్ణయించుకునేది నేలను చూసి కాదు. నిలబడినా కూర్చున్నా మనకు ఎదురుగా కనిపించేవి గోడలు, ఆ పైన సీలింగు. సీలింగులోకి దించి బిగించిన ప్యానెల్ లైటు తన వెలుతురంతా కిందికే పంపుతుంది. నేల, సోఫా, టీపాయి బాగా వెలుగుతాయి. గోడల పైభాగం మసకగా ఉండిపోతుంది. సీలింగుకు నేల మీద నుంచి తిరిగి వచ్చే వెలుతురే దిక్కు. గోడకున్న ట్యూబులైటు ఎదురుగోడను చూస్తూ ఉంటుంది కాబట్టి దాని వెలుతురులో సగం పైకి, సీలింగు వైపే వెళ్తుంది. ఎదురుగోడ మొత్తం వెలుగుతుంది. ఆ రెండింటి మీద నుంచి చెదిరిన వెలుతురు మూలమూలకూ చేరుతుంది.

నా మాట మీద నమ్మకం పెట్టనక్కరలేదు. రాత్రి లైట్లన్నీ ఆపి ఫోను టార్చిని నేల మీదికి తిప్పండి. కాళ్ల దగ్గర ఒక తెల్లటి మచ్చ, చుట్టూ చీకటి. అదే ఫోనును ఒక గ్లాసులో నిలబెట్టి టార్చి సీలింగు మీదికి కొట్టేలా పెట్టండి. తలుపు గడియ, క్యాలెండరులో అంకెలు, ఎదుటి మనిషి ముఖం, అన్నీ ఆనవాలు దొరుకుతాయి. పగలు వెలుతురు రాని హాలుకు కావలసింది ఈ రెండో రకం వెలుతురు. పైగా బయట మబ్బు పట్టిన పూట కూడా పదివేల లక్స్ ఉంటుంది. అక్కడి నుంచి 130 లక్స్ ఉన్న హాలులోకి వచ్చిన మనిషికి గోడలు కూడా మసకగా ఉంటే కాసేపు ఏమీ కనిపించదు. వయసు మళ్లినవాళ్లకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అందుకే అమ్మానాన్నలు ఉండే ఇంటికి నా ఓటు ట్యూబులైట్లకే.

ఫ్యాను సంగతి కూడా చూడాలి. మన హాళ్లలో సీలింగు ఫ్యాను లేనిదే గడవదు. మామూలు ఫ్యాను రెక్కల వ్యాసం నాలుగు అడుగులు. ప్యానెల్ లైట్లు వాటికి పైన ఉంటాయి. రెక్కలు తిరుగుతుంటే వెలుతురు తెగుతూ, నీడలు పుస్తకం మీద, అన్నం కంచంలో గబగబా కదులుతాయి. డిజైన్ బొమ్మలో అందంగా కనిపించిన అమరిక మే నెల వచ్చేసరికి తలనొప్పి తెప్పిస్తుంది. ట్యూబులైటు రెక్కల కన్నా కింద ఉంటుంది కనుక నీడ పడినా సీలింగు మీదే పడుతుంది. ఇప్పటికే ప్యానెల్ లైట్లు పెట్టాలని నిశ్చయించుకున్నవాళ్లు వాటిని ఫ్యానుకు ఎంత దూరంగా, గోడలకు ఎంత దగ్గరగా జరిపితే అంత మంచిది. గోడ నుంచి అడుగున్నర దూరంలో ఉన్న ప్యానెల్ లైటు గోడను కొంతైనా వెలిగిస్తుంది.

ట్యూబులైటుకు లోపాలు లేవని కాదు. ఎదురుగా కూర్చున్నవాళ్ల కళ్లలోకి సూటిగా కొడుతుంది. అందుకే ఏడున్నర, ఎనిమిది అడుగుల ఎత్తుకు తగ్గకుండా బిగించాలి. టీవీకి ఎదురుగోడ మీద పెడితే తెరలో తెల్లటి గీత కనిపిస్తుంది. టీవీ ఉన్న గోడకు అటూ ఇటూ ఉన్న పక్కగోడలు దీనికి అనువైన చోట్లు. రెండు ట్యూబులైట్లూ ఒకే గోడకు పెట్టకూడదు. ఎదురెదురుగా ఉంటే ఒకదాని నీడను మరొకటి చెరిపేస్తుంది. చూడడానికి ప్యానెల్ లైట్లంత సొగసుగా ఉండదన్నది కూడా నిజమే. లోపలి డ్రైవర్ (ఎల్ఈడీకి తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే భాగం) పోతే చాలావరకు మొత్తం పారేయాల్సిందే. ప్యానెల్ లైటుకు డ్రైవర్ విడిగా చిన్న పెట్టెలో ఉంటుంది కాబట్టి దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. కానీ నాలుగైదేళ్ల తర్వాత లైటే పోతే, సీలింగులో కోసిన రంధ్రానికి సరిపోయే కొలత దుకాణంలో దొరకక తిప్పలు పడేవాళ్లు ఎందరో. ట్యూబులైటుకు ఆ బెడద లేదు. రెండు మేకులు, రెండు క్లిప్పులు, అంతే.

వంటగదిలో గట్టు మీద, వరండాలో, స్నానాలగదిలో ప్యానెల్ లైట్లే మేలు. అక్కడ కావలసింది కిందికి పడే వెలుతురే.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ఇరుకు కోణంలో కొట్టే సీఓబీ (స్పాట్) లైట్లు పటానికో, పూజ అరకో బాగుంటాయి, చీకటి గదికి పనికిరావు. సీలింగు అంచున దాచే స్ట్రిప్ లైట్లు సీలింగును వెలిగిస్తాయి కనుక మంచి తోడు, వాటితోనే సరిపెట్టుకోవడం కష్టం. షాండ్లియర్ అలంకారం.

ఏ లైటు కొన్నా పెట్టె మీద రెండు అంకెలు చూడండి. మొదటిది రంగు. మన దుకాణాల్లో అడగకపోతే చేతిలో పెట్టేది 6500 కెల్విన్ నీలి తెలుపు. రోజంతా లైటు వేసి ఉంచే గదికి 4000 కెల్విన్ కళ్లకు హాయిగా ఉంటుంది (ఈ అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపుకు దగ్గరవుతుంది). రెండోది సీఆర్‌ఐ, అంటే ఆ లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే, 100కు లెక్కించే అంకె. 80 సరిపోతుంది, 90 దొరికితే పది శాతం ఎక్కువ పెట్టయినా తీసుకోండి. అది తక్కువైన లైటు కింద ఎరుపులు చస్తాయి. మెరూన్ చీరకు మ్యాచింగ్ దారం ఎంచుకుని, మర్నాడు ఎండలో చూసుకుంటే రెండూ రెండు రంగులుగా తేలతాయి.

లైట్ల కన్నా ముందు గోడల వైపు ఒకసారి చూడండి. తెల్లటి రంగు తన మీద పడిన వెలుతురులో 80 శాతం దాకా వెనక్కి ఇస్తుంది. ముదురు నీలం, ముదురు గోధుమ రంగులు పది, ఇరవై శాతమే ఇస్తాయి. సంక్రాంతికి ముందు గోడలకు సున్నం కొట్టించిన మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. కిటికీ లేని హాలులో ఒక గోడకు కావాలని ముదురు రంగు వేయించి, ఆ చీకటిని పోగొట్టడానికి మరో రెండు లైట్లు కొనడం చూస్తుంటే బాధగా ఉంటుంది. సీలింగుకు మాత్రం తెలుపు తప్ప మరో రంగు వద్దు.

ఖర్చు సంగతికొస్తే, రోజుకు పది గంటలు వెలిగే రెండు ట్యూబులైట్ల 40 వాట్లకు నెలకు 12 యూనిట్లు. నాలుగు ప్యానెల్ లైట్ల 48 వాట్లకు దాదాపు పద్నాలుగున్నర. ఇది పెద్ద తేడా కాదు. అసలు ఖర్చంతా ఫాల్స్ సీలింగులో ఉంది. దానికి తోడు గది ఎత్తులో అరడుగు పోతుంది. మామూలుగా హాలుకు ఒక గోడ మీదే ట్యూబులైటు పాయింటు ఉంటుంది. రెండో గోడకు గోడ కొట్టనక్కరలేకుండా పీవీసీ కేసింగులో 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించవచ్చు. రెండింటికీ విడివిడి స్విచ్చులు పెట్టించండి, మధ్యాహ్నం ఒకటి చాలు. అద్దె ఇల్లయితే ఖాళీ చేసేటప్పుడు ట్యూబులైట్లు విప్పి వెంట తీసుకుపోవచ్చు, ఆ సౌలభ్యం ప్యానెల్ లైట్లకు లేదు. పని మొదలుపెట్టే ముందు మెయిన్ బోర్డులోని ఎంసీబీ (కరెంటు ఆపే మీట) దించాలి. స్విచ్చు ఫేజు (కరెంటు వచ్చే) తీగ మీదే ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవాలి. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) మీద ఉంటే స్విచ్చు ఆపినా లైటులో కరెంటు ఉంటుంది, కొన్ని ఎల్ఈడీ లైట్లు రాత్రంతా సన్నగా మినుకుమంటూ ఉండడానికి అదే కారణం కావచ్చు.