లాయర్ పక్కనుంటే మేలా, అద్దం అవతల ఉంటే చాలా?

"మా లాయర్ వచ్చేదాకా నోరు విప్పను" అనే డైలాగ్ అమెరికాలో పనిచేస్తుంది. 1966లో మిరాండా కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పిందదే: కస్టడీలో ఉన్నవాడు లాయర్ కావాలంటే ప్రశ్నలు అక్కడితో ఆపేయాలి. మళ్లీ మొదలైతే లాయర్ పక్కన కూర్చోవచ్చు.

మన దగ్గర లెక్క వేరు. అరెస్టైన మనిషి విచారణ మధ్యలో తనకు నచ్చిన లాయర్‌ను కలవొచ్చని అరెస్టులు, దర్యాప్తు ఎలా సాగాలో చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్ 38వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 41డి) అంటుంది. విచారణ సాగినంతసేపూ మాత్రం కాదని అందులోనే తోక తగిలించింది. అందుకే కోర్టులు చాలాసార్లు మధ్యేమార్గం పట్టాయి: లాయర్ కనిపించే దూరంలో, అంటే అద్దం అవతల ఉన్నట్టు ఉండాలి, మాటలు వినిపించే దూరంలో కాదు. 2025 జనవరిలో ఏసీబీ విచారణకు వెళ్లిన కేటీఆర్‌కు తెలంగాణ హైకోర్టు ఇచ్చిన వెసులుబాటూ ఇదే.

అద్దం అవతల లాయర్ ఉంటే ఒంటి మీద చెయ్యి పడదు. మన స్టేషన్ల సంగతి తెలిసినవాళ్లకు అది చిన్న లాభం కాదు. కానీ ప్రశ్నలోని మెలిక ఆయనకు వినబడదు కదా!

అలాగని అమెరికా పద్ధతికే ఓటేయలేను. అక్కడ లాయర్ వద్దులే అని నోరు జారి నేరం ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలే కోర్టులో సాక్ష్యం. ఇక్కడ పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా అది సాక్ష్యం కింద చెల్లదు. ఒక్క మినహాయింపు ఉంది: "కత్తి ఫలానా బావిలో పడేశా" అన్నాక కత్తి నిజంగా అక్కడే దొరికితే, ఆ ముక్క మేరకు చెల్లుతుంది. కేసులు నిలబడేది తరచూ ఆ ముక్క మీదే. లాయర్ చెవి అవసరమైన చోటే ఆయన అద్దం అవతల ఉంటాడు.

ఇక అరెస్టు లేకుండా, విచారణకు రమ్మని అదే చట్టంలోని 35(3) కింద ఇచ్చే నోటీసు మీద పిలిస్తే? 38వ సెక్షన్ మాట్లాడేది అరెస్టైన వాళ్ల గురించి. కాబట్టి స్టేషన్ బయట లాయర్‌ను నిలబెట్టుకోవడం కన్నా, వెళ్లే ముందు ఆయన దగ్గర గంట కూర్చోవడమే నా దృష్టిలో మేలు. మనల్ని నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదని ఇంటి దగ్గరే తెలిసి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. పోలీసులు తాము రాసుకున్న వాంగ్మూలం ముందు పెట్టి "ఇక్కడో సంతకం పెట్టవయ్యా" అంటారు. పోలీసుకిచ్చిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని 181వ సెక్షనే చెబుతోంది. తెల్ల కాగితం ఇస్తే అసలే పెట్టొద్దు.