పత్తికి ఏది మేలు? డబ్బా మందా, వేప కషాయమా?

పత్తి మొలిచి నెల తిరిగేసరికి ఆకుల రసం పీల్చే పచ్చదోమ దిగుతుంది. ఆకుల అంచులు పసుపెక్కి ముడుచుకుపోతుంటే రైతుకు టెన్షన్. నేరుగా మందుల షాపుకు పోతాడు.

డబ్బా మందుకు, అంటే షాపులో కొనే రసాయన పురుగుమందుకు, వేగం ఉంది, కూలీ ఖర్చు తక్కువ. అది కాదనలేం. కానీ దోమతో పాటు దాన్ని తినే అక్షింతల పురుగులూ, సాలీళ్లూ చస్తాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే రకం రసాయన మందులు పదేపదే కొట్టిన చేలో తెల్లదోమ ఇంకా రెచ్చిపోతుంది. దానికి మరో మందు, ఆపైన రెండు మందులు కలిపి ఇంకోసారి. కొట్టే మనిషి మూతికి తువ్వాలు చుట్టుకుంటాడు, అంతే. చేను మనిషెత్తు పెరిగాక తుంపర ముఖం మీదే పడుతుంది, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో ఇలా మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా చనిపోయారు. ఏ దిగుబడి లెక్కా ఆ ప్రాణాలకు సరితూగదు.

బీటీ విత్తనం ఉంది కదా అనుకోవద్దు. 2002లో వచ్చిన ఈ విత్తనం, పురుగును చంపే గుణం మొక్కలోనే ఉండేలా చేసింది, కాయతొలుచు పురుగుల కోసం, దోమకు కాదు. గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడిపోయింది.

ఇక వేప కషాయం. 5 కిలోల గింజల పొడిని మూటకట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి వడకట్టి, కాస్త సబ్బుపొడి వేసి 100 లీటర్లు చేసుకోవాలి. ఎండకు శక్తి పోతుంది, అందుకే సాయంత్రమే కొట్టాలి. ఇది పురుగును అప్పటికప్పుడు చంపదు, తిండి మాన్పిస్తుంది. కాబట్టి పురుగు ముదిరాక కొడితే లాభం లేదు. గింజలు ఏరడం, ఆరబెట్టడం, దంచడం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతుంది. ఆ కష్టాన్ని ఎవరూ ఖర్చులో రాయరు, రాయాలి. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల ఊరి రైతులు ఈ దారిలోనే పురుగుమందులు మానేశారు.

నా మాట: మొదటి రెండు నెలలు కషాయం, దోమలు అంటుకుపోయే జిగురు అట్టలే మేలు. పూత మొదలయ్యాక లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించి పట్టేవి) పెట్టి చూడండి. బుట్టకు రాత్రికి 8 గులాబీ పురుగు మగ రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రాత్రులు పడితేనే డబ్బా మందు సంగతి ఆలోచించాలి. అప్పుడైనా ఒకే మందు, చెప్పిన మోతాదు, గాలివాటు చూసి.