కోచింగ్ సెంటర్ కోసం దుబాయ్: ఎక్కడ దిగాలి, ఏం చూడాలి

నీట్, జేఈఈ కోచింగ్ నడిపే మనవాళ్ళకు దుబాయ్ మీద కన్ను పడటంలో వింత లేదు. సీబీఎస్ఈ బడులు అక్కడ బోలెడు, 2021 నుంచి నీట్ పరీక్ష అక్కడే రాయొచ్చు. చిక్కల్లా, చూసి రావడానికి వెళ్ళినవాళ్ళు అద్దాల భవనాల చుట్టూ తిరిగి, పిల్లలుండే పేటలు చూడకుండానే తిరుగు విమానం ఎక్కేస్తారు.

వెళ్ళేందుకు అక్టోబరు, నవంబరు మేలు. జూలై, ఆగస్టుల్లో బడులకు సెలవులు, కుటుంబాలు చాలావరకు ఇండియాలోనే ఉంటాయి. రంజాన్ నెలలో ప్రైవేటు కంపెనీల పనివేళలు రోజుకు రెండు గంటలు తగ్గుతాయి. 2027లో అది ఫిబ్రవరిలోనే వస్తుంది. భారతీయ బడుల్లో కొత్త తరగతులు ఏప్రిల్లో మొదలు కాబట్టి అప్పటిదాకా ఆగితే ఆ ఏడాది పోయినట్టే. ఆదివారం దిగండి. ప్రభుత్వ ఆఫీసుల పని గురువారం లోపు ముగించండి, శుక్రవారం సగం రోజే. శనివారం తల్లిదండ్రులకు కేటాయించండి.

బసకు బర్ దుబాయ్, కరామా సరైనవి. బుర్జుమాన్ స్టేషన్లో మెట్రో రెడ్, గ్రీన్ లైన్లు కలుస్తాయి, మన భోజనమూ పక్కనే. షార్జాలో గది చవకే గానీ, పొద్దున అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద ఇరుక్కుంటే మిగిలిన డబ్బు టాక్సీ మీటరు తినేస్తుంది. హోటల్లో టూరిజం దిర్హామ్ పేరుతో గదికి, రాత్రికి 7 నుంచి 20 దిర్హాములు విడిగా వేస్తారు. మెట్రో, బస్సు చార్జీలు కట్టే సిల్వర్ నోల్ కార్డు 25 దిర్హాములు, అందులో వాడుకోను 19 ఉంటాయి. మెట్రో చార్జీ దూరాన్ని బట్టి 3, 5, 7.5 దిర్హాములు.

శిక్షణ సంస్థల కోసం కట్టిన నాలెడ్జ్ పార్క్‌కు దుబాయ్ ఇంటర్నెట్ సిటీ స్టేషన్లో దిగొచ్చు. ఉద్యోగుల శిక్షణకు, భాషా కోర్సులకు మంచి చోటు. పదకొండో తరగతి పిల్లాడు సాయంత్రం అల్ ఖుసైస్ నుంచి అంతదూరం రాడు. అకడమిక్ సిటీ విశ్వవిద్యాలయాల అడ్డా. బిట్స్ పిలానీ దుబాయ్ క్యాంపస్ అక్కడే ఉంది. మెట్రో బ్లూ లైన్ 2029లో వస్తుందంటున్నారు, అప్పటిదాకా బస్సో టాక్సీయో. డిగ్రీ కోర్సులవాళ్ళకు తప్ప అక్కడ పనిలేదు.

కోచింగ్‌కు చూడాల్సినవి ఖుసైస్, ఊద్ మేథా, కరామా. మొదటి రెండింటికీ గ్రీన్ లైన్లో పేరు పేరునా స్టేషన్లున్నాయి. బడి బస్సులు దింపే వేళకు అక్కడ గంటసేపు నిలబడితే, ఏ బ్రోచరూ చెప్పని లెక్క తెలుస్తుంది. షార్జా నహ్దా కూడా మంచిదే, కానీ అది వేరే ఎమిరేట్ (యూఏఈలో దుబాయ్ లాంటి మరో రాజ్యం): అనుమతి షార్జా ప్రైవేట్ ఎడ్యుకేషన్ అథారిటీది. దుబాయ్ కాగితం అక్కడ చెల్లదు.

దుబాయ్‌లో విద్యకు అనుమతి అక్కడి ప్రైవేటు విద్యను నియంత్రించే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ ఇవ్వాలి. ట్రేడ్ లైసెన్సు దానికి అదనం. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. అడ్వాన్సు చెక్కులిచ్చి అద్దె ఒప్పందం చేసుకున్నాక, ఆ స్థలం తరగతులకు పనికిరాదని తేలుతుంది. ముందు ప్రాథమిక ఆమోదం, తర్వాత స్థలం, ఆ తర్వాత ఒప్పందాన్ని ఎజారీలో, అంటే అద్దె ఒప్పందాల ప్రభుత్వ రిజిస్టరులో నమోదు. ఫ్రీ జోన్ (కంపెనీలకు ప్రత్యేక నిబంధనలుండే ప్రాంతం) లైసెన్సు తీసుకుని ఊళ్ళో నేరుగా శాఖ తెరుస్తామంటే అదనపు అనుమతులు లేకుండా కుదరదు. చవక ప్యాకేజీ చూపే ఏజెంట్లను ఒకటే అడగండి: కేహెచ్‌డీఏ అనుమతి, ఆఫీసు అద్దె, వీసాలు ఇందులో ఉన్నాయా? జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద రావాలి.

లెక్చరర్ల డిగ్రీ పత్రాల పని ఇండియాలోనే మొదలవ్వాలి. చాలా దేశాల్లో ఒక్క ముద్రతో సరిపోయే అపోస్టిల్ ధ్రువీకరణను యూఏఈ ఒప్పుకోదు. రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, విదేశాంగ శాఖ, యూఏఈ రాయబార కార్యాలయం, చివరికి అక్కడి విదేశాంగ శాఖ: ఇదీ వరస. ఒక్క అంచె తప్పినా వెనక్కి పంపిస్తారు.

పన్నుల్లో ఒక తికమక ఉంది. ఏడాది అమ్మకాలు 375,000 దిర్హాములు దాటితే వ్యాట్ నమోదు తప్పనిసరి, రేటు 5 శాతం. లాభం అదే 375,000 దాటితే, పైన ఉన్నదానిపై 9 శాతం కార్పొరేట్ పన్ను. అంకె ఒకటే, లెక్కలు వేరు. గుర్తింపు ఉన్న బడి ఫీజుకు దొరికే సున్నా రేటు వ్యాట్ మీ కోచింగ్ ఫీజుకూ వస్తుందని లెక్కేసుకోకండి.

ఇక పోటీ. 2023 డిసెంబరు నుంచి విడిగా ట్యూషన్ చెప్పుకునేవాళ్ళకు అక్కడి ప్రభుత్వం రెండేళ్ళ పర్మిట్ ఉచితంగా ఇస్తోంది. మీ ఫీజు నిర్ణయించేముందు, ఖుసైస్ అపార్టుమెంట్లలో ఆ ట్యూషన్ మాస్టర్లు గంటకెంత తీసుకుంటున్నారో శనివారం కలిసిన తల్లిదండ్రుల్నే అడగండి.