పెందుర్తి బీఆర్టీఎస్ రోడ్డు: విజీనారం నుంచి అప్ అండ్ డౌన్ చేసీవాడి రివ్యూ

నేనుండీది విజీనారం (విజయనగరం), ఉద్యోగం వైజాగ్ ఎన్ఏడీ జంక్షన్ దగ్గర. పొద్దున్నే రైలెక్కి కొత్తవలస దాటాక పెందుర్తిలో దిగిపోయి అక్కణ్నుంచి సిటీ బస్సు పట్టుకుంటాను. వైజాగ్ స్టేషన్ దాకా వెళ్లిపోవచ్చు కదా అంటారు అందరూ, కానీ ఆ స్టేషన్లో హౌరా చెన్నై లైను బళ్లకి ఇంజను ఈ చివర తీసి ఆ చివర తగిలించాలి, ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యీదాకా వెనకొచ్చిన బళ్లు స్టేషను బయట ఔటర్ సిగ్నల్ దగ్గర పడుండాలి, ఆ టైముకి నేను బస్సులో గోపాలపట్నం దాటేసి ఉంటాను. అలాగ ఏళ్ల తరబడి ఈ రోడ్డు నాకు అలవాటైపోయింది, అంచేత రాస్తున్నా.

తెలీనోళ్ల కోసం చెప్తాను, బీఆర్టీఎస్ అంటే బస్సులు తొందరగా పోడానికి వేరే లేను పెట్టిన రోడ్డు, ఇది నగరాల కోసం కేంద్రం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం డబ్బుల్తో వేసిన బస్ కారిడారు. రెండున్నాయి. ఒకటి పెందుర్తి నుంచి వేపగుంట, గోపాలపట్నం, ఎన్ఏడీ మీదగా వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు, ఇంకోటి సింహాచలం, అడవివరం, హనుమంతవాక వైపు, రెండూ కలిపి 40 కిలోమీటర్ల పైమాటే. నేను వాడీది మొదటిదే, రెండోది చుట్టాలింటికెళ్లినప్పుడు తప్ప పెద్దగా ఎక్కలేదు, దాని సంగతి ఆ వైపోళ్లెవరైనా రాస్తే బాగుంటది.

ముందు మంచి చెప్పాలి. రోడ్డు మధ్యలో బస్సుకి వేరే లేను పెట్టడం అనీ ఆలోచన బంగారం లాంటిది. ఎడం పక్కన ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటాది, ఆగిన ఆటో, టిఫిన్ బండి, షాపు ముందు అడ్డంగా పెట్టీసిన బైకులు, సందులోంచి చూడకుండా దూరీ స్కూటరు. మధ్యలో ఇవేం ఉండవు. లేను నిజంగా ఖాళీగా ఉన్న రోజు వేపగుంట నుంచి గోపాలపట్నం దాకా బస్సు వెళ్లీ తీరు చూస్తే కారు ఎందుకు కొనడమూ అనిపిస్తాది, పక్క లైన్లో కార్లోళ్లు మన బస్సు కిటికీ వైపు చూసీ చూపు ఉంటాది చూడండి, దానికి టికెట్టు డబ్బులు వేరేగా ఇవ్వొచ్చు.

అయితే ఆ లేన్లోకి ఇప్పుడు అందరూ వస్తున్నారు. కార్లు, బైకులు, ఒక్కోసారి ఎదురొచ్చీ ట్రాక్టరు కూడాను. ఢిల్లీలో 2008లో మొదలెట్టిన బీఆర్టీని కార్లోళ్ల గోల భరించలేక 2016లో పీకీసేరు, అహ్మదాబాద్‌లో 2009లో మొదలైంది మాత్రం ఇంకా నడుస్తోంది. అహ్మదాబాద్‌లో స్టేషను డివైడర్ మీద కట్టి, బస్సు గుమ్మం కుడి పక్క పెట్టి, స్టేషన్ ఎత్తూ బస్సు ఎత్తూ ఒకటే చేసేరు, అంటే రోడ్డు బస్సూ స్టాపూ మూడూ ఒకే డిజైను. మన దగ్గర రోడ్డొక్కటే మారింది. దాని మీద తిరిగీవి ఎడం గుమ్మం ఉన్న మామూలు సిటీ బస్సులే, జనం కూడా అలవాటు ప్రకారం రోడ్డు వారనే నిలబడతారు, జనం అక్కడుంటే డ్రైవరు అక్కడికే వస్తాడు, మరేటి చేస్తాడు పాపం.

నా అసలు బాధ బస్సు గురించి కాదు, బస్సు దాకా వెళ్లీ నాలుగడుగుల గురించి. బస్సు మధ్య లేన్లోనే ఆగీ స్టాపైతే ఎక్కడానికి సగం రోడ్డు, దిగేక ఇంకో సగం దాటాలి. అంటే ప్రతి స్టాపు దగ్గరా ఒక సిగ్నలో, గట్టి స్పీడ్ బ్రేకరో ఉండాలి. చాలా చోట్ల చారలు చెరిగిపోయిన జీబ్రా ఉంటాది, చెయ్యి చూపించుకుంటూ వెళ్లడమే. దాటేక ఫుట్‌పాత్. కాలిబాట ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు, నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీగా వదలాలి అని రోడ్ల కొలతలు చెప్పీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకంలో రాసే ఉంది, మా ఆఫీసులో మోకాళ్ల నొప్పులున్న ఒకావిడ ఉన్నారు, ఆవిడ ఆ కొలత దాటిన ఈ ఫుట్‌పాత్ గట్లు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు, వెనక లారీ హారను కొడతాడు. కొన్ని చోట్ల ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్. సరే అది వైజాగ్ ఒక్కదాని రోగం కాదు, మా విజీనారం మూడు లాంతర్ల సెంటర్ దగ్గర కూడా మనిషి నిశ్చింతగా నడిచీది పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజొక్కటే, అదీ బళ్లు ఆపీస్తారు గనక.

ఎన్ఏడీ ఫ్లైఓవరు 2020లో వచ్చింది, బళ్లకి చాలా నయమైంది, ఒప్పుకోవాలి. కింద నడిచీవాడికి మాత్రం ఏమీ మారలేదు, సిగ్నల్ కోసం ఆగకుండా ఎడం వైపు తిరిగీ ఫ్రీ లెఫ్ట్ లో బళ్లోడెవడూ ఆగడు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయ్యేక షేర్ ఆటోల్లో వేలాడీ వాళ్లు చాలామంది బస్సుకి మారేరు, పొద్దున్న నిలబడ్డానికీ చోటుండదు, అయినా నాకు అది సంతోషమే. ఇంతమంది దిగి రోడ్డు దాటుతున్నప్పుడైనా సిగ్నల్ పెట్టకపోతే ఎప్పుడు పెడతారు? మెట్రో సంగతంటారా, 2014 విభజన చట్టంలోనే వైజాగ్ మెట్రో పరిశీలించాలని రాసేరు, నేనింకా బస్సులోనే ఉన్నాను. మెట్రో వచ్చినా మెట్లు దిగేక నడిచీది ఈ ఫుట్‌పాత్ మీదే కదా.

రేటింగ్ అడిగితే లేన్ ఐడియాకి 5కి 4, నడకకి 1.

కొత్తగా అప్ అండ్ డౌన్ మొదలెట్టీవాళ్లు పని గోపాలపట్నం, ఎన్ఏడీ వైపయితే పెందుర్తిలో దిగండి, వానాకాలం చెప్పులు కాదు బూట్లు వేసుకోండి. మధురవాడ, మద్దిలపాలెం వైపయితే రైలు జోలికే పోవద్దు, మన విజీనారం ఆర్టీసీ కాంప్లెక్స్ లో ఆనందపురం మీదగా వెళ్లీ బస్సెక్కీసి పడుకోండి.