చిత్తూరులోని ఒక డీజిల్ మెకానిక్ షెడ్డు: ఏళ్ల తరబడి నిలిచిపోయిన టాటా 207 మళ్లీ లోడెత్తిన తీరు

చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే దారిలో, ఊరు దాటుతుండగా కనిపించే ఆ రేకుల షెడ్డుకు సరైన బోర్డు కూడా లేదు. అయినా, ఏళ్ల తరబడి కదలకుండా పడివున్న డీజిల్ పికప్‌ను మళ్లీ పనిలోకి తేవాలనుకునేవారికి ఈ చుట్టుపక్కల నేను నమ్మకంగా చెప్పగలిగే చోటు అదే.

మా బండి టాటా 207 డీఐ. తిరుపతి, చిత్తూరు ఒకే జిల్లాగా ఉన్న రోజుల్లో ఏపీ 03 నంబరుతో రిజిస్టరైంది. మా నాయన దాని మీద మామిడి సీజన్‌లో తోతాపురి కాయలను గుజ్జు ఫ్యాక్టరీలకు, గానుగలు ఆడే రోజుల్లో బెల్లాన్ని చిత్తూరు మార్కెట్టుకు తోలేవారు. ఆయన స్టీరింగు పట్టలేని స్థితికి వచ్చాక బండి తోటలోని చింతచెట్టు కింద నిలిచిపోయింది. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి తూకం లెక్కన ధర చెప్పి పోతుంటే వినడం నాకు కష్టంగా ఉండేది. పట్టణంలోని ఒక గ్యారేజీవాళ్లు చూసి, కొత్త బ్యాటరీ పెట్టి ట్రాక్టరుకు కట్టి లాగితే ఇంజన్ దానంతటదే అందుకుంటుందని తేల్చేశారు. ఈ షెడ్డు మేస్త్రి ఆ మాటకు ససేమిరా అన్నారు. "తాళం చెవి నా దగ్గరే ఉండనీండి సామీ, నేను చెప్పేదాకా ఎవురూ తిప్పగూడదు. ముందు బండి నిలబడల్ల, ఆ తర్వాతే పరిగెత్తల్ల" అని చెప్పి, బండిని రికవరీ వాహనం మీద ఎక్కించి తెప్పించుకున్నారు.

అన్నట్టే ఆయన పని బ్రేకుల దగ్గర మొదలైంది. వెనుక డ్రమ్ములు లైనింగుకు తుప్పుతో అతుక్కుపోయి ఉంటే, సుత్తితో బాదకుండా నూనె పోసి నానబెట్టి, చుట్టూ మెల్లగా తడుతూ ఊడదీశారు. చక్రం దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ విప్పినప్పుడు అందులో నూనె బదులు ఇటుక పొడిని నీళ్లలో కలిపినట్టున్న ముద్ద కనిపించింది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక అదే ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. అలాంటి ఆయిల్‌తో లోడు బండి పలమనేరు దారిలోని మొగిలి ఘాట్ దిగితే, వేడికి లోపల ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ నేలదాకా పోయినా బండి ఆగదు. మేస్త్రి ఈ విషయమంతా విప్పిన సిలిండర్‌ను నా చేతికిచ్చి వివరించారు. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు అన్నీ మార్చి, అంతకంటే ఎక్కువ వేడికి ఆగే డాట్ 4 ఆయిల్ నింపారు. మార్చక్కర్లేని డ్రమ్ములను మాత్రం లేత్ మీద చెక్కించి తిరిగి వాడారు.

ఇంజన్ విషయంలో ఆయన చూపిన ఓపికను ఎంత మెచ్చుకున్నా తక్కువే. చాలాకాలం తిరగని ఇంజన్‌లో సిలిండర్ గోడల మీది నూనె పొర కిందికి జారిపోతుంది, పిస్టన్ రింగులు గోడకు పట్టేసి ఉంటాయి. ఆ స్థితిలో బలవంతంగా లాగి తిప్పితే రింగులు విరగవచ్చు, గోడల మీద గీతలు పడవచ్చు. ఆయన సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పి, ఆ రంధ్రాల్లోంచి కొద్దికొద్దిగా నూనె పోసి, రాత్రంతా అలాగే వదిలేశారు. మరుసటి ఉదయం క్రాంక్ పుల్లీకి పొడవాటి రాడ్డున్న పానా తగిలించి, ఒక చెయ్యి ఇంజన్ మీద ఆనించి, మరో చేత్తో ఒత్తిడి పెంచుతూ పోయారు. మొదట ఏమీ జరగలేదు. కాసేపటికి లోపల ఎక్కడో చిన్నగా 'టిక్' మని వినిపించి, పుల్లీ అర అంగుళం కదిలింది. అప్పుడు కూడా తొందరపడకుండా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ పూర్తి చుట్టు తిప్పారు. ఆ తర్వాత కొత్త ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ వేసి, డీజిల్ సరఫరా ఆపివుంచి, ఆయిల్ ప్రెషర్ దీపం ఆరేదాకా స్టార్టరుతో ఉత్తినే తిప్పారు. బేరింగులకు నూనె అందిందని రూఢి అయ్యాకే ఇంజెక్టర్లను పరీక్షకు పంపి, తిరిగి బిగించారు.

డీజిల్ ట్యాంకును పూర్తిగా దించడం కూడా ఆయన పట్టుబట్టి చేయించిన పనే. సగం ఖాళీగా నిలిచిన ట్యాంకులో రాత్రి చల్లదనానికి తేమ నీరుగా మారి అడుగున చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి జిగట తయారవుతుంది. మా ట్యాంకు అడుగున నల్లటి జిగట వేలికి అంటుకుని సాగింది. అది పంపులోకి, ఇంజెక్టర్లలోకి చేరివుంటే ఖర్చు ఎన్నో రెట్లయ్యేది. ట్యాంకు కడిగి, పైపులు ఊది, ఫిల్టర్లు మార్చి, చేత్తో నొక్కే పంపుతో పైపుల్లోని గాలి తీశాక ఇంజన్ తెల్లపొగ కక్కుతూ అందుకుంది. కాసేపటికి పొగ తగ్గి శబ్దం కుదురుకున్నప్పుడు షెడ్డు కుర్రాళ్లందరూ చేతిలో పనులు ఆపి చూశారు.

మిగిలినవి మామూలు పనులే. ఫ్లైవీలుకు అతుక్కున్న క్లచ్ ప్లేటు, పెడల్‌ను రాత్రంతా కట్టెతో అదిమి ఉంచడంతో విడిపోయింది, గేర్‌బాక్సు దించే ఖర్చు తప్పింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకలు వేరుశనగ తొక్కలతో గూడు కట్టి, డ్యాష్‌బోర్డు కింద వైర్లు కొరికేశాయి. టైర్లకు గుబ్బలు నిండుగా ఉన్నా, పక్కగోడ మీది నాలుగంకెల తేదీ కోడు చూపించి అన్నీ మార్పించారు. ఆ కోడులో మొదటి రెండంకెలు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. పాత పికప్ కొనేవారెవరైనా అన్నిటికంటే ముందు చూడవలసింది దాన్నే.

విడిభాగాల కోసం పెద్దగా తిరగాల్సిన పని పడలేదు. ఈ బండి వంశం 1988లో వచ్చిన టాటామొబైల్ పికప్‌తో మొదలైంది. 1991 నాటి టాటా సియెరా కారు కూడా అదే పునాది మీద కట్టిందే. అన్నేళ్లుగా ఇన్ని బండ్లు రోడ్ల మీద తిరిగినందువల్ల సామాను దొరుకుతుంది, పని తెలిసిన చేతులూ ఉన్నాయి. పంపు, ఇంజెక్టర్లు అన్నీ యాంత్రికమైనవే కాబట్టి కంప్యూటర్ పెట్టి చూడవలసిన అవసరమూ లేదు.

లెక్క విషయంలో నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. సామాను బిల్లులు దుకాణం నుంచి నేరుగా మన పేరుతోనే వస్తాయి, కూలి వేరుగా రాస్తారు, మార్చిన పాత భాగాలన్నీ గోనె సంచిలో కట్టి అప్పగిస్తారు. టైర్లతో కలిపి మాకైన మొత్తం, ఇదే స్థితిలో ఉన్న సెకండ్ హ్యాండ్ పికప్ ధరలో సగానికి లోపే ఉంది.

లోపాలు లేకపోలేదు. ముందుగా కాగితం మీద అంచనా రాసివ్వరు, చెప్పిన తేదీ దాటడం మామూలే, పని మధ్యలో ఫోన్ ఎత్తరు. స్థలం చాలక బండి కొన్ని రాత్రులు రోడ్డు పక్కనే ఉండిపోయింది. అంతకంటే పెద్ద లోపం టింకరింగు, అంటే బండి రేకుల పని. అది బయటివారికి అప్పగిస్తారు. తొట్టి అడుగున కొత్త రేకు అతికిన ఆ పనివాడు కింది వైపు తుప్పు పట్టకుండా ముందుగా పూసే ప్రైమర్ వేయకుండానే రంగు కొట్టడంతో, మొదటి వానకే వెల్డింగు వెంట తుప్పు గీత తేలింది. ఆ పనిని మనమే వేరేచోట, దగ్గరుండి చేయించుకోవడం మేలు.

అప్పగించే ముందు మేస్త్రి ఇసుక మూటలు ఎత్తించి, పలమనేరు దాకా వెళ్లి, మొగిలి ఘాట్‌లో తానే తోలుతూ దిగారు. కిందికి రాగానే చక్రాల దగ్గర చెయ్యిపెట్టి ఏ డ్రమ్ము ఎక్కువ వేడెక్కిందో చూసి, ఎడమ వెనుక చక్రం బ్రేకును మళ్లీ సరిచేశారు. ఇంత శ్రద్ధ నేను కంపెనీ సర్వీసు కేంద్రాల్లో కూడా చూడలేదు.

ఆర్టీవో పనులు ఈ షెడ్డువారు చేయరు, ఆ మాట మొదటే చెబుతారు. రవాణా వాహనానికి ఎనిమిదేళ్లు దాటాక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఏటా తీసుకోవాలి. 15 ఏళ్లు దాటిన బండ్లకు ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి బాగా పెరిగింది. అందువల్ల బీమా, ఫిట్‌నెస్, పొల్యూషన్ సర్టిఫికెట్, పాత బకాయిల మొత్తం ఎంతవుతుందో లెక్క తేల్చుకున్నాకే బండిని షెడ్డుకు తరలించాలి. మామిడి సీజన్ మొదలైతే అక్కడ లోడు బండ్ల అత్యవసర మరమ్మతులకే సమయం చాలదు. సంక్రాంతి దాటగానే అప్పగిస్తే మేస్త్రి చెయ్యి నిదానంగా ఆడుతుంది, కోతలు మొదలయ్యే నాటికి బండి చేతికొస్తుంది.