తొమ్మిదేళ్ల లైబ్రరీ కార్డు: న్యూజెర్సీలో ఇంగ్లీషు, సిటిజన్‌షిప్ క్లాసుల మీద ఒక నాయనమ్మ సమీక్ష

2016 చివర్లో గ్రీన్‌కార్డ్ మీద మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వచ్చాం. మరుసటి ఏడాది ఊరి లైబ్రరీలో కార్డు తీసుకున్నాను. వలస వచ్చినవాళ్లకోసం అక్కడ నడిపే క్లాసులు దాదాపు అన్నీ వాడాను. ఊరి పేరు చెప్పను. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి, పైగా ఆ డెస్కు దగ్గర అమ్మాయి నాకు వారానికి రెండుసార్లు ఎదురుపడుతుంది.

మొదటి చిక్కు కార్డు దగ్గరే వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు గాని, ఈ ఊళ్లో ఉంటున్నట్టు రుజువు చూపించాలి. కరెంటు బిల్లు అబ్బాయి పేరున, ఇంటి కాగితాలు కోడలి పేరున ఉన్నాయి. ముప్ఫై ఏళ్లు చీరాలలో సోషల్ టీచరుగా చేసినదాన్ని, ఇక్కడ నా పేరున ఒక్క కాగితం లేదు. చివరికి అబ్బాయి బ్యాంకు ఖాతాలో నా పేరు చేర్పించి, ఆ స్టేట్‌మెంటు వచ్చాక పట్టుకెళ్లాను. నెల పట్టింది. అమ్మానాన్నల్ని తెచ్చుకోబోయేవాళ్లు ఇది ముందే చూసుకోండి.

ఇక్కడ అన్నీ ఊరికే ఇస్తారని మనవాళ్లు అంటుంటారు. ఊరికే ఏం కాదు. న్యూజెర్సీలో మున్సిపల్ లైబ్రరీలకు ఇంటిపన్నులోంచే ఇంత ఇవ్వాలని చట్టం ఉంది. మా అబ్బాయి కట్టే పన్నులో ఆ వాటా వేరే గీతలో కనిపిస్తుంది కూడా. మన ఆంధ్రలోనూ ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను ఉన్నదే కదా. నేను వేటపాలెం పిల్లని, 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం నీడలో పెరిగాను. కాబట్టి మొహమాటపడకుండా అడిగి వాడుకున్నాను.

ఇంగ్లీషు క్లాసులు రెండు రకాలు. ఒకటి ఇ.ఎస్.ఎల్., అంటే ఇంగ్లీషు సొంతభాష కానివాళ్లకు నేర్పేది. దానికి ముందు పరీక్ష పెట్టి, స్థాయి చూసి, పేరు రాసుకుని, ఖాళీ వచ్చినప్పుడు పిలుస్తారు. నన్ను ఏడు నెలలకు పిలిచారు. తీరా వెళ్తే వ్యాకరణం. అది నాకు వచ్చు. నాకు రానిది ఫార్మసీలో కుర్రాడు గడగడా అడిగే ప్రశ్న. మూడు వారాలు చూసి మానేశాను.

రెండోది కాన్వర్సేషన్ సర్కిల్. పరీక్షా లేదు, పేరు రాయడమూ లేదు. ఓ పదిమంది గుండ్రంగా కూర్చుంటాం, ఒక వాలంటీరు ఏదో ఒక మాట మొదలుపెడతారు. మాకు చాలాకాలం వచ్చినాయన రిటైరైన పోస్టాఫీసు ఉద్యోగి. తప్పులు దిద్దేవాడు కాదు, అర్థం కాకపోతే మాత్రం ‘మళ్లీ చెప్పండి’ అని వదిలేవాడు కాదు. అదే పని చేసింది. పక్కన డొమినికన్ ఆవిడ, చైనా తాతగారు, 2021 తర్వాత కాబూల్ నుంచి వచ్చిన దంపతులు, మరుసటి ఏడాది ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఒక నర్సు. ఎవరి యాస వాళ్లది. ఆ యాసలన్నీ విన్నాక ఫార్మసీ కుర్రాడు నాకో లెక్క కాలేదు. మావారు ఒక్కసారి వచ్చి, ‘అందరూ తప్పులే మాట్లాడుతున్నారే’ అని మళ్లీ రాలేదు. ఇప్పటికీ ఆయన మందులు నేనే తెస్తాను.

అక్కడే ఇంకోటి తెలిసింది. మేమంతా ఒకే బల్ల దగ్గర కూర్చున్నా మా కాగితాలు ఒకటి కావు. నాది పౌరుడైన కొడుకు వేయించిన గ్రీన్‌కార్డు. ఆ నర్సుది రెండేళ్ల గడువున్న పెరోల్, అంటే తాత్కాలికంగా ఉండనిచ్చే అనుమతి. కాబూల్ దంపతులదీ పెరోలే, శరణార్థి హోదా కాదు. వాళ్లకు ఇంగ్లీషు కన్నా ముందు వకీలు కావాలి. లైబ్రరీవాళ్లు ఫారాలు నింపరు, సలహా చెప్పరు. చట్టప్రకారం ఆ పని లాయరు గాని, న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధి గాని చేయాలి. మా లైబ్రరీవాళ్లు అలాంటివారి జాబితా ఒకటి చేతిలో పెడతారు. తక్కువకు చేసిపెడతామనే వాళ్ల దగ్గరికి పోకుండా ఆ జాబితా కాపాడుతుంది. కాని అది అడిగితేనే ఇస్తారు! గోడకి అంటిస్తే ఏం పోయింది?

ఇక సిటిజన్‌షిప్ క్లాసు. నా మార్కులన్నీ దీనికే. యాభై దాటితే తెలుగులో పరీక్ష ఇస్తారని మనవాళ్లలో ఒక మాట ఉంది. సగమే నిజం. యాభై దాటి గ్రీన్‌కార్డు వచ్చి ఇరవై ఏళ్లు, లేదా యాభైఅయిదు దాటి పదిహేనేళ్లు అయి ఉండాలి. నాకు అయిదేళ్లే, కాబట్టి ఇంగ్లీషే. 2022లో నా ఇంటర్వ్యూ నాటికి పుస్తకంలో అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద వంద ప్రశ్నలు. పది అడుగుతారు, ఆరు చెప్పాలి. సోషల్ టీచరుకి అదేం లెక్క! అసలు భయపడాల్సింది ఎన్-400 అనే పౌరసత్వ దరఖాస్తు ఫారంలోని ప్రశ్నలకని ఆ క్లాసులోనే తెలిసింది. ఆఫీసరు ఆ మాటలు అర్థమయ్యాయో లేదో కూడా చూస్తాడు. నమూనా ఇంటర్వ్యూలో నన్ను ‘బేర్ ఆర్మ్స్’కి సిద్ధమేనా అని అడిగారు. చేతుల్లేని జాకెట్టు సంగతనుకుని ‘మా ఇంట్లో అలవాటు లేదండీ’ అన్నాను. దేశం కోసం ఆయుధం పడతారా అని దాని అర్థమట. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. అసలు రోజున ఆ ప్రశ్న వస్తే తడుముకోలేదు. ఆరూ వరసగా చెప్పేసరికి ఆఫీసరు అక్కడితో ఆపేశాడు.

ఇప్పుడు వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకు పరీక్ష మారింది. 128 ప్రశ్నలు, ఇరవై అడుగుతారు, పన్నెండు రావాలి. మా లైబ్రరీలో మాత్రం ఆ తర్వాత నెలల తరబడి పాత పుస్తకాలే పెట్టారు. రెండుసార్లు చెప్పాక తీశారు.

తెలుగు అర సంగతి చెప్పి ఏడవాలి. ముప్ఫైచిల్లర పుస్తకాలు, వాటిలో వంటలవి నాలుగు. కేటలాగులో తెలుగులో వెతికితే ఒక్కటీ రాదు, ఎందుకంటే పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. ‘కథ’ని టి పెట్టి వెతకాలి, మన అలవాటు కొద్దీ డి కొడితే దొరకదు. నా దగ్గరున్న అరవై పుస్తకాలు ఇస్తానంటే, ఎక్కించడానికి తెలుగు వచ్చినవాళ్లు లేరని వెనక్కి పంపారు. నేను కూర్చుని ఎక్కిస్తాను అన్నాను. ఆలోచిస్తామన్నారు. మూడేళ్లయింది.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది వేళలు. ఈ క్లాసులకు వచ్చేదంతా కారు నడపలేనివాళ్లం. ముసలివాళ్లం, హెచ్-4 మీద, అంటే మొగుడి ఉద్యోగం వీసా వెంట వచ్చిన కోడళ్లం, కొత్తగా దిగినవాళ్లం. క్లాసు రాత్రి ఏడుకి మొదలై ఎనిమిదిన్నరకు అవుతుంది. మా వైపు చివరి బస్సు ఎనిమిదికి. అరవైరెండు దాటితే టికెట్టు రాయితీ ఉంది, బస్సే లేదు. కరోనాలో 2020 నుంచి జూమ్‌లో పెట్టినప్పుడు నేను ఒక్క క్లాసు మానలేదు. తర్వాత ‘మళ్లీ మామూలైపోయాం’ అని జూమ్ తీసేశారు. ఎవరికి మామూలో మరి. ఆ నర్సు అప్పుడే మానేసింది.

ఇప్పుడు నన్ను చైనా తాతగారి కూతురు దింపుతుంది. ఆయన రాని వారం నేనూ వెళ్లను. పోయిన నెల కాగితం మీద ‘పగటిపూట ఒక క్లాసు పెట్టండి’ అని రాసి, పదకొండుమంది చేత సంతకాలు పెట్టించి డెస్కు అమ్మాయికి ఇచ్చాను. డైరెక్టరుకి ఇస్తానంది. అయిదుకి మూడున్నర ఇస్తున్నాను, ఆ క్లాసు పెడితే వచ్చి మార్చి రాస్తాను.